ఫ్యూజు పీకినా ఆగని మిషను

ఉద్యోగంలో చేరిన రోజు నుంచి దిగిపోయిన రోజు వరకు నేను డైరీ రాయని రోజు లేదు. అందులో నా గొప్ప ఏమీ లేదు. మా మొదటి ఫోర్‌మన్ సాయంత్రం డైరీ చూపిస్తేనే హాజరు పట్టీలో సంతకం పెట్టనిచ్చేవాడు. ఆ భయమే అలవాటయింది. ప్రతి పేజీ అడుగున మర్నాటికి మిగిలిన పనులు రాసుకుంటాను. పని పూర్తయ్యాక పక్కన ఎర్ర పెన్నుతో టిక్కు పెడతాను. మా ఇంట్లో బీరువా కింది అర నిండా ఆ డైరీలే.

శాఖలో కొత్తగా చేరిన పిల్లలు కనబడితే గాలివానలో స్తంభాలు నిలబెట్టిన కథలు చెప్పమంటారు. ఆ కథల్లో మేమంతా బాగానే కనిపిస్తాం కాబట్టి వాటిని చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. నేను చెప్పదలచుకున్నది నేను రిటైరవడానికి కొద్ది నెలల ముందు జరిగింది. అప్పుడు నేను ఉప్పల్, నాచారం మధ్య ఒక సెక్షన్ ఆఫీసులో లైన్ ఇన్‌స్పెక్టర్‌ని. లైన్‌మన్‌ల చేత పని చేయించడం, మీటర్ల మీద గొడవలొస్తే వెళ్లి చూసి రిపోర్టు రాయడం నా పని.

అది జీరో బిల్లు కొత్తగా వచ్చిన ఎండాకాలం. రేషన్ కార్డు ఉన్న ఇంట్లో నెలకు రెండు వందల యూనిట్ల లోపు వాడితే బిల్లు సున్నా. ఒక్క యూనిట్ దాటినా మొత్తం కట్టాల్సిందే. అద్దెకున్నవాళ్లకూ వర్తిస్తుంది, కార్డు నంబరును మీటరు సర్వీసు నంబరుకు కలిపించుకుంటే చాలు. జన్మలో మీటరు వంక చూడనివాళ్లు పొద్దున్నే పళ్లు తోముకుంటూ మీటరు చూడటం మొదలుపెట్టారు. మా ఆఫీసు ముందు రేషన్ షాపు ముందున్నంత వరుస ఉండేది. సున్నా వచ్చినవాళ్లు ఎవరూ రారు కదా, వచ్చినవాళ్లంతా కోపంగానే వచ్చేవాళ్లు.

మన కాలనీల్లో అంతకు ముందు ఒక పద్ధతి ఉండేది. ఇంట్లో మూడు పోర్షన్లుంటే మూడు మీటర్లుంటాయి. బిల్లులు మూడూ ఇంటాయన తీసుకుని, కలిపి, మూడు భాగాలు చేసి అద్దెతో పాటు వసూలు చేసుకునేవాడు. ఎవరి మీటరు ఎంత తిరిగిందో ఎవరికీ పట్టేది కాదు. జీరో బిల్లు వచ్చాక అద్దెకున్నవాళ్లే, "ఎవరి బిల్లు వాళ్లకియ్యున్రి" అని అడగడం మొదలుపెట్టారు.

అలా మొదటిసారి తన బిల్లు తాను చూసుకున్నవాళ్లలో దర్జీ పని చేసే ఒకామె ఉంది. ముప్పై అయిదేళ్లుంటాయి. సూర్యాపేట వైపు నుంచి వచ్చిన కుటుంబం, భర్తకు చర్లపల్లిలో ప్లాస్టిక్ డబ్బాలు చేసే కంపెనీలో పని. మెడలో కొలతల టేపు తీయకుండానే మా ఆఫీసుకు వచ్చింది.

"సార్, మా పక్క పోర్షనోళ్లకు జీరో వచ్చింది. మాకేమో మూడు వందల పన్నెండు యూనిట్లంట. రెండు వేలకు దగ్గరికొచ్చింది బిల్లు. మాకు ఏసీ లేదు, గీజర్ లేదు."

"ఇంట్లో ఏమేం ఉన్నాయమ్మా?"

"రెండు ఫ్యాన్లు, టీవీ, ఫ్రిజు. కుట్టు మిషన్లు."

"ఎన్ని?"

"మూడు సార్. అండ్ల ఒకటి..."

నేను మూడు అని రాసుకుని పెన్ను కింద పెట్టేశాను. ఆమె ఇంకేదో చెబుతోంది. ఒకటి చెడిపోయిందనీ, ఇంకొకటి చీరలకు ఫాల్ కుట్టేటప్పుడే వాడుతుందనీ నాకు తెలిసింది చాలా రోజుల తర్వాత.

"పాత ఫ్రిజు అయితే కరెంటు తాగేస్తుంది. ఇస్త్రీ పెట్టె తగ్గించు. మిషన్లు చూసుకుని వాడు. వచ్చే నెల చూద్దాం," అన్నాను. ముప్పయ్యేళ్లుగా అందరికీ చెప్పిన మాటలే. నోటికి వచ్చేసి ఉన్నాయి.

ఆమె నేను చెప్పినట్టే చేసింది. అదే ఈ కథలో నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి. ఫ్రిజు ఆపేసి పాలు పక్కింట్లో పెట్టుకుంది. బొగ్గుల ఇస్త్రీ పెట్టె కొనుక్కుంది. టీవీకి గుడ్డ కప్పింది. మర్నెల బిల్లు మూడు వందల ఎనభై ఎనిమిది యూనిట్లు వచ్చింది.

ఈసారి ఆమె చేతిలో ఒక పొడుగు పుస్తకం ఉంది. జాకెట్ల కొలతలు రాసుకునే పుస్తకం. ఎడమ పేజీలో భుజం, చేతి పొడుగు, మెడ లోతు. కుడి పేజీలో రోజూ సాయంత్రం మీటరులో కనబడిన అంకె.

"నేను తగ్గించిన కొద్ది అది పెరుగుతున్నది సార్. ఈ నాలుగు దినాలు సూడున్రి. మా అత్త చనిపోతే ఊరికి పోయినం. మెయిన్ ఆఫ్ జేసి, తాళమేసి పోయినం. ఒచ్చి సూస్తే నలభై రెండు యూనిట్లు తిరిగింది. ఇంట్ల మనిషి లేడు, కరెంటు ఎవలు కాల్చిన్రు?"

నేను పుస్తకం తీసుకుని చూశాను. చూశానంటే, తిప్పాను. వెనక వరుసలో ముప్పై మంది ఉన్నారు. ఫ్యాను తిరుగుతున్నా చెమట కారుతోంది.

"చివరి అంకె పాయింటు తర్వాతదమ్మా. అది కలిపి చదివి ఉంటావు. నలభై రెండు కాదు, నాలుగు పాయింట్ రెండు."

"పాయింటు తర్వాతది ఇడిసిపెట్టే రాసిన సార్."

వరుసలో ఎవడో అన్నాడు, "అక్కా, మీటరుకు గూడ కొలతలు తీసినవా? జాకెట్ కుడ్తవా ఏంది?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు డైరీలో వచ్చినవాళ్ల సంఖ్య రాశాను, ట్రాన్స్‌ఫార్మర్ నూనె సంగతి రాశాను, నవ్వింది మాత్రం రాయలేదు.

పైగా మా ఏఈ మేడమ్‌కు చెప్పాను. సెక్షన్‌కు ఆమే అధికారి. నా కూతురి వయసు ఉంటుంది, పనిమంతురాలు, పైవాళ్ల ఒత్తిడి మధ్య నలుగుతూ ఉండేది. "ఆ ఇంట్లో కుట్టు మిషన్లు మూడున్నాయి మేడమ్. దుకాణం నడుపుతున్నట్టుంది," అన్నాను. మాట వరసకు అన్నదే. ఆమె దాన్ని కాగితం మీద పెట్టింది.

"అయితే ఇన్‌స్పెక్ట్ చేసి రిపోర్ట్ ఇవ్వండి సార్. వాడకం కమర్షియల్ అయితే కేటగిరీ మార్చేద్దాం."

కేటగిరీ మారితే ఆ ఇంటికి ఇక జీరో బిల్లు ఎప్పటికీ రాదు. పైగా యూనిట్ ధర కూడా పెరుగుతుంది. ఈలోగా మూడో బిల్లు వచ్చింది. ఆమె మొదటిది అప్పు చేసి కట్టింది, తర్వాతి రెండూ కట్టలేదు. దాంతో కరెంటు తీసేయాల్సిన సర్వీసుల జాబితాలో ఆమె నంబరు ఎక్కింది. ఒకే రోజు ఒకే ఇంటికి రెండు పనులు పడ్డాయి నాకు. కనెక్షన్ తీయించాలి, కమర్షియల్ రిపోర్టు రాయాలి.

ఆ రోజు లైన్‌మన్ బండి మీద వెనక కూర్చుని వెళ్లాను. భువనగిరి వైపు మనిషి, నాతో పన్నెండేళ్లు పనిచేశాడు. ఉప్పల్ రింగు దాటి లోపలి గల్లీల్లోకి తిరిగేసరికి పదకొండు. ఎండ అప్పటికే బండి సీటు కాలుస్తోంది.

"సార్, పెండ్లిళ్ల సీజన్ల దర్జీ ఇంట్ల కరెంటు తీసుడు మంచిగ లేదు. ఎందరు పెండ్లిపిల్లల ఉసురు తాకుతదో," అన్నాడు.

"జాబితాలో ఉంది. మనమేం చేస్తాం?"

"నేనేమంటలేను. నాకిద్దరు ఆడపిల్లలున్నరు, గందుకే యాదికొచ్చింది."

ఇల్లు ఒక అంతస్తు మేడ. కింద రెండు పోర్షన్లు, పైన ఇంటాయన. మెట్ల కింద చెక్క పలక మీద మూడు మీటర్లు వరసగా ఉన్నాయి. మీటరు కింద ఎర్ర పెయింటుతో సర్వీసు నంబరు రాసి ఉంది. జీపులో రాకపోయినా మమ్మల్ని ఎవరో చూసినట్టున్నారు, ఇంటాయన లుంగీ సర్దుకుంటూ కిందికి వచ్చాడు. మా జిల్లా వైపు మనిషే, మాట వినగానే తెలిసిపోయింది.

"రండి రండి. మీరు మనవైపు వాళ్లని నాకు ముందే తెలుసు. తీసేయండి, నేనేం అడ్డుపడను. సర్వీసు నా పేరు మీద ఉంది, రేపు బకాయి నా మెడకు చుట్టుకుంటుంది. వచ్చే నెలాఖరు దాకా గడువిచ్చి, ఒకటో తారీకుకు ఖాళీ చేయమని ఆవిడకు చెప్పేశాను."

"మీ బిల్లు ఎంత వస్తోందండీ?" అన్నాను. ఊరికే అడిగిన మాట.

"ఏసీ వేసినా నూట పది, నూట ఇరవై యూనిట్లు దాటట్లేదంటే నమ్మండి. ఫైవ్ స్టార్ ఏసీ. డబ్బు పోతే పోయిందని మంచిది కొన్నాను. ఈ వీధిలో నలుగురి చేత అదే కొనిపించాను కూడా."

చెప్పి పైకి వెళ్లిపోయాడు, చల్లదనంలోకి. నూట పది యూనిట్లతో ఏ ఏసీ నడుస్తుందని నేను అప్పుడే ఆలోచించాల్సింది. ఇరవై మూడు కనెక్షన్ల జాబితా చేతిలో ఉన్నవాడికి ఆలోచన రాదు.

దర్జీ ఆమె గుమ్మంలోకి వచ్చింది. ఏడుస్తుందనో అరుస్తుందనో అనుకున్నాను. రెండూ చేయలేదు.

"నాలుగు గంటల దాక ఆగున్రి సార్. ఒక్క బ్లౌజు ఉన్నది. రేపు పొద్దుగాల పెండ్లి ఆ పిల్లది. గంతే."

"మధ్యాహ్నం లోపల ఫ్యూజు పీకి, ఫొటో తీసి ఫోన్లో పంపాలమ్మా. ఆగటానికి నా చేతిలో లేదు."



"అయితే మీరు పీకేదాక కుడ్త," అని లోపలికి వెళ్లి మిషను ముందు కూర్చుంది.

మోటారు మిషను చప్పుడు మెట్ల కిందికి వినబడుతోంది. నేను గుమ్మంలో నిలబడి గదిలో ఉన్నవి రాసుకోవడం మొదలుపెట్టాను. మిషన్లు మూడు. ఒకదాని మీద దుమ్ము, బెల్టు లేదు. ఫ్రిజు తలుపు తీసి ఉంది, లోపల మడత పెట్టిన గుడ్డలు. బొగ్గుల ఇస్త్రీ పెట్టె. ఇలాంటి ఇంటికి మూడు వందల ఎనభై యూనిట్లు. నా పెన్ను అక్కడ ఆగింది. అయినా జాబితా జాబితాయే కదా. లైన్‌మన్ వైపు చేయి ఊపాను.

అతను పలక మీద నంబరు చదివాడు, జాబితాతో సరిచూశాడు, ఆ మీటరు కింద ఫ్యూజు పీకాడు.

"తీసేసిన సార్."

మిషను ఆగలేదు.

ఆమె తల వంచుకుని కుడుతూనే ఉంది. సూది కింద ఎర్రటి పట్టు గుడ్డ జరుగుతోంది, తల మీద ఫ్యాను తిరుగుతోంది. లైన్‌మన్ చేతిలో ఫ్యూజు అలాగే ఉంది. అంతవరకు మెట్ల మీద గోడకు బిగించి ఉన్న ఏసీ పెట్టె గొణుగుతూ ఉండేది. అది ఒకసారి దడదడలాడి నిలిచిపోయింది.

"అన్నా, ఇంక పీకలేదా?" లోపలి నుంచి ఆమే అడిగింది.

పై నుంచి ఇంటాయన గొంతు వినిపించింది. "ఎవరయ్యా అది, మా కరెంటు తీశారేంటి?"

"మీది కాదు సార్, దర్జమ్మది తీసినం," అన్నాడు లైన్‌మన్.

"నాది పోయిందయ్యా. టీవీ, ఏసీ అన్నీ పోయాయి."

  లైన్‌మన్‌కు చెప్పాను, "అది పెట్టేయి. ఇంటాయన నంబరు రాసి ఉన్నదాని ఫ్యూజు తీయి." అతను పెట్టాడు, పైన ఏసీ మళ్లీ గొణిగింది. రెండోది పీకాడు. గదిలో మిషను ఒక్క కుట్టు దగ్గర నిలిచిపోయింది. ఫ్యాను నెమ్మదించింది.

రెండు నిమిషాల పని. మొదటి రోజు ఆమె వచ్చినప్పుడే వెళ్లి ఈ రెండు నిమిషాలు నిలబడి ఉంటే సరిపోయేది.

ఆమె పుస్తకం పట్టుకుని బయటికి వచ్చింది. మీటర్ల వంక, నా వంక చూసింది. "అంటే గిన్ని దినాల సంది నేను రాసుకున్నది పైయింటి కరెంటా సార్?"

"అవునమ్మా."

"నేను పాయింటు ఇడిసిపెట్టే రాసిన అన్నగద."

"అన్నావమ్మా."

లైన్‌మన్ నన్ను పక్కకు పిలిచాడు. పలక మీద ఎర్ర అంకెల్లో ఒకదాని మీద వేలు పెట్టాడు. ఏడు అంకె. నడుముకు అడ్డంగా చిన్న గీత ఉంది. నేను చిన్నప్పటి నుంచి ఏడును అలాగే రాస్తాను, ఒకటిలా కనబడకూడదని. మా సెక్షన్‌లో అలా రాసేవాణ్ని నేనొక్కణ్నే.

"సార్, ఈ ఏడు మీదే," అన్నాడు మెల్లగా.

నాకు అప్పటికే తెలుసు.

తొమ్మిదేళ్ల కింద చక్రం తిరిగే పాత మీటర్లు తీసి, అంకెలు వెలిగే కొత్త మీటర్లు పెట్టిన రోజులవి. రోజుకు ముప్పై, నలభై ఇళ్లు. కొత్త మీటరు నంబరు, ఇంటి సర్వీసు నంబరు ఒక చీటీ మీద రాసి ఆఫీసులో ఇవ్వాలి. ఆ చీటీ ప్రకారమే కంప్యూటర్లోకి ఎక్కుతుంది, ఆ చీటీ చూసే నేను పలక మీద పెయింటు వేయించేవాణ్ని, చాలాచోట్ల నేనే వేసేవాణ్ని. చీటీలో రెండు మీటర్లు తారుమారైతే పెయింటులోనూ, కంప్యూటర్లోనూ తారుమారవుతాయి. తీగలు మాత్రం సరిగ్గానే ఉంటాయి. బిల్లులన్నీ కలిపి పంచుకుంటున్నన్నాళ్లు ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఎవరి బిల్లు వాళ్లకు అన్న నెలే బయటపడింది.

లైన్‌మన్ చెప్పిన ఉపాయం ఇది. "కింద రెండు తీగలు మార్చి కడ్త సార్. పది నిమిషాలు. వచ్చే నెల సంది ఎవరి బిల్లు వాళ్లకొస్తది. ఎవరికీ తెల్వదు. మీరు వచ్చే నెల ఇంటికి పోయేటోళ్లు. జర సోచాయించున్రి."

ఇంటాయన కూడా దిగి వచ్చాడు. విషయం అర్థమయ్యాక ఏసీ గురించి మాట్లాడటం మానేశాడు. "ఇప్పటి నుంచి సరిచేయండి చాలు. పాతవి తవ్వకండి. తొమ్మిదేళ్ల లెక్క నా నెత్తిన పడేస్తారు మీవాళ్లు. మనవైపు వాళ్లు మీరు, మీరే ఇలా చేస్తే ఎలా? మీరు రాయకపోతే ఆవిణ్ని ఉండమంటాను. రాస్తే మాత్రం ఒకటో తారీకు అన్నది ఒకటో తారీకే."

తీగలు మారిస్తే రాబోయే నెలలు బాగుపడతాయి. ఆమె కట్టిన మొదటి బిల్లు, కట్టని రెండు బిల్లులు, వాటి మీద వడ్డీ మాత్రం ఆమె మీదే ఉంటాయి. బకాయి తీరే వరకు ఆమె పేరు జాబితాలోంచి పోదు. రాస్తే ఇల్లు పోతుంది. నేను ఆమెకు రెండూ చెప్పాను. ఇంటాయన ముందే చెప్పాను.

ఆమె సూది దారం మునివేళ్ల మధ్య తిప్పుతూ విన్నది.

"ఇల్లు దొరకకపోదు సార్. గీ బాకీ మీద పెట్టుకుని యాడికి పోయినా మమ్ముల దొంగలనే అంటరు. మీరేం జూసిన్రో గదే రాయున్రి."

అని, లైన్‌మన్ వైపు తిరిగి, "అన్నా, నా ఫ్యూజు పెట్టు. బ్లౌజు చెయ్యి ఇంకోటి కుట్టేదున్నది," అంది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి బీరువా ముందు కింద కూర్చున్నాను. తొమ్మిదేళ్ల కిందటి డైరీ తీశాను. వానాకాలం పేజీల్లో దొరికింది. మంగళవారం. నేను రాసిన ముక్కలు ఇవి: "రోజంతా వాన. ముప్పై ఎనిమిది మీటర్లు మార్చాం. చీటీలు తడుస్తున్నాయని నంబర్లు సిగరెట్ పెట్టె అట్ట మీద రాసుకుని, టీ హోటల్లో కూర్చుని చీటీలు నింపాం." అడుగున మిగిలిన పనుల్లో ఆ వీధి పేరు రాసి, ఇంటి నంబరు రాసి, "పై పోర్షను, కింది పోర్షను అట్ట మీద కలిసిపోయాయి. వెళ్లి సరిచూడాలి" అని ఉంది.

పక్కన టిక్కు లేదు.

మర్నాటి పేజీ చూశాను. ఆ వారమంతా చూశాను. ఆ నెలంతా చూశాను. మిగతా పనులన్నిటికీ ఎర్ర టిక్కులున్నాయి, ఆ ఒక్కదానికే లేదు. అంటే ఆ రోజు నాకు అనుమానం వచ్చింది. వచ్చినా వెళ్లలేదు. తర్వాత ఆ నంబర్లు నా చేత్తోనే పలక మీద పెయింటు వేశాను. ఏడుకు గీత మాత్రం మరిచిపోలేదు.

ఆ పేజీ చాలాసేపు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అది చూసినవాడు లోకంలో నేనొక్కణ్నే. మా ఆవిడ రెండుసార్లు అన్నానికి పిలిచింది. మూడోసారి వచ్చి, "ఏమైంది?" అంది. "పాత పని ఒకటి మిగిలిపోయింది," అన్నాను.

మర్నాడు ఏఈ మేడమ్‌కు రిపోర్టు, దానితో పాటు డైరీ పేజీ జిరాక్సు ఇచ్చాను. ఆమె రిపోర్టు చదివి తలూపింది. జిరాక్సు చదివి కుర్చీలో వెనక్కి వాలింది.

"సార్, రిపోర్ట్ చాలు. ఈ పేజీ ఎందుకు?"

"ఎప్పటి నుంచి తప్పో రుజువు లేకపోతే నిన్నటి తనిఖీ నుంచే సరిచేస్తారు మేడమ్. ఆ మూడు బిల్లులు ఆమె మీదే ఉండిపోతాయి."

"ఈ పేజీ పెడితే మీకు చార్జ్ మెమో వస్తుంది. రిటైర్మెంట్ డబ్బులు ఆగిపోతాయి. మీకు నెలన్నర కూడా లేదు సార్." తర్వాత గొంతు తగ్గించి, "మా నాన్న అయితే నేను పెట్టనివ్వను," అంది.

"ఆమె దగ్గర కూడా ఒక పుస్తకం ఉంది మేడమ్. రోజూ రాసింది. నేను చదవలేదు."

ఏఈ మేడమ్ కమర్షియల్ కేటగిరీ ఫైలు తెప్పించి, దాని మీద "అవసరం లేదు" అని రాసి మూసేసింది. నా రిపోర్టు, జిరాక్సు కలిపి పిన్ను కొట్టి పైకి పంపింది. పిన్ను కొట్టేటప్పుడు ఆమె చెయ్యి కాస్త ఆగింది. అది చూడనట్టు నేను గోడ క్యాలెండర్ వైపు చూశాను.

తర్వాత మూడు వారాలు ఏ కబురూ లేదు. జాబితా మళ్లీ వచ్చింది, ఆమె నంబరు మళ్లీ ఉంది. ఫోన్లోకి వచ్చే జాబితాను తయారు చేసేది కంప్యూటరు, మనిషి కాదు కాబట్టి దానికి నా రిపోర్టు సంగతి తెలియదు. ఏఈ మేడమ్ పై ఆఫీసుకు ఫోన్ చేసి ఆపించింది. వారం తిరిగేసరికి మళ్లీ వచ్చింది, మళ్లీ ఆపించాం. ప్రతి ఉదయం ఆఫీసుకు రాగానే మొదట ఆ జాబితాలో ఆ నంబరు వెతికేవాణ్ని. ఒకరోజు నేను వెతికేలోపే కొత్త లైన్‌మన్ ఒకతను ఫ్యూజు పీకడానికి బయలుదేరాడు. రింగు దగ్గర సిగ్నల్‌లో ఫోన్ ఎత్తాడు కాబట్టి సరిపోయింది. నా రిపోర్టు ఎక్కడో బల్ల మీద పడి ఉండగా, ఆమె ఇల్లు మాత్రం చీకటైపోతుందేమోనని ఆ రోజుల్లో నాకు సరిగా నిద్ర పట్టలేదు.

నాలుగో వారం రెండు కాగితాలు ఒకే టపాలో వచ్చాయి. ఒకటి సవరించిన బిల్లులు. మూడు నెలలకూ ఆమె వాడింది నూట ఇరవై లోపే. మూడింటికీ సున్నా. ఆమె కట్టిన మొదటి బిల్లు సొమ్ము తిరిగి జమ. ఇంటాయనకు తేడా బిల్లు వెళ్లింది, ఆయన భయపడినట్టు తొమ్మిదేళ్లది కాదు, ఆ మూడు నెలలదే. రెండో కాగితం నా చార్జ్ మెమో. రెండింటి మీదా ఒకే గుమాస్తా సంతకం ఉంది. ఆయన ఒకదానికి నీలం సిరా, ఒకదానికి నలుపు వాడాడు.

నా డబ్బు ఏడాదికి పైగా ఆగింది. కోత పడి వచ్చింది. మా ఆవిడ అప్పుడప్పుడు ఆ సిగరెట్ అట్ట ఖరీదు ఎంతో లెక్క కడుతుంది. శిక్ష పడటంలో అన్యాయం ఏమీ లేదు. తొమ్మిదేళ్లు ఆలస్యంగా పడింది, ఆ మధ్యలో ఇంకొకరికి పడింది, అంతే.

ఇంటాయన మాట మీద నిలబడ్డాడు. ఒకటో తారీకు లోపలే వాళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. నేను దిగిపోవడానికి రెండు రోజుల ముందు ఆమె మా ఆఫీసుకు వచ్చింది, మెడలో టేపుతోనే. వరుస లేదు ఆ రోజు.

"సార్, నాచారంల రెండు గదులు దొరికినయి. రేపు పాలు పొంగిస్తున్నం. మీరు జర వస్తరా?"

"నన్నెందుకమ్మా పిలవడం?"

"పాలు పొంగించక ముందుగాల మీటరు సూడాలె. ఏది మాదో తెల్వకుండ నేను పొయ్యి ముట్టియ్య."

మర్నాడు పొద్దున్నే లైన్‌మన్‌తో వెళ్లాను. గదిలో సామాను మూటలు విప్పలేదు. మిషను మాత్రం గోడ పక్కన పెట్టి, ప్లగ్ పెట్టి ఉంది. పొయ్యి మీద పాల గిన్నె, పొయ్యి వెలిగించలేదు. భర్త అగ్గిపెట్టె పట్టుకుని నిలబడ్డాడు. ఆమె మిషను ముందు కూర్చుని ఒక చిరుగు గుడ్డ మీద కుట్టు మొదలుపెట్టింది. "పీకు అన్నా," అంది.

లైన్‌మన్ ఆమె నంబరు రాసి ఉన్న మీటరు ఫ్యూజు పీకాడు. మిషను ఆగిపోయింది.

ఆమె నవ్వింది. అప్పటి వరకు ఆమె నవ్వగా నేను చూడలేదు. లోపలికి కేక వేసి పొయ్యి వెలిగించమంది. తర్వాత కొలతల పుస్తకం తెచ్చి, కొత్త పేజీ తీసి, నా చేతికి ఇచ్చింది.

"మీరే రాయున్రి సార్. పాయింటు ఇడిసిపెట్టి."

మీటరు ముందు నిలబడి రాశాను. అందులో రెండు ఏడులు పడ్డాయి, రెంటికీ గీతలు పెట్టాను. నా ఉద్యోగంలో నేను రాసిన ఆఖరి రీడింగు అది. నా డైరీల్లో ఎక్కడా లేదు. ఎవరిదో భుజం కొలత, మెడ లోతు ఎదురుగా ఉన్న పేజీలో ఉంది.